వైద్య విద్యార్థికి బోధన కూడా నేర్పాలి

శ్రోతలకు నమస్కారం.

చదువు ముగించి హౌస్ సర్జన్‌గా వార్డులో అడుగుపెట్టిన యువ వైద్యుల మీద మొదటి రోజు నుంచే ఒక బాధ్యత పడుతుంది. తమకంటే ఒకటి రెండేళ్లు వెనుక ఉన్న విద్యార్థులు చుట్టూ చేరి, ఈ రోగి ఊపిరితిత్తుల్లో వినిపిస్తున్న చప్పుడు ఏమిటని, ఈ ఎక్స్‌రేలో ముందుగా దేన్ని చూడాలని అడుగుతారు. ప్రొఫెసర్ రౌండ్స్ ముగించుకొని వెళ్లిన తరువాత, ముఖ్యంగా రాత్రి డ్యూటీల్లో, రక్తం తీయడం, సెలైన్ ఎక్కించడం, కేస్ షీటు రాయడం వంటి పనులను విద్యార్థులు చాలావరకు నేర్చుకునేది హౌస్ సర్జన్ల దగ్గరా, పీజీ విద్యార్థుల దగ్గరానే. వీరిలో చాలామందికి ఎలా బోధించాలో ఎవరూ ఎన్నడూ నేర్పలేదు. విషయం తెలిసినవారికి దాన్ని చెప్పడం కూడా వచ్చి తీరుతుందనే నమ్మకం మీద వైద్యవిద్య తరతరాలుగా నడుస్తోంది. ఆ నమ్మకం సరికాదని నా అభిప్రాయం.

బోధన వైద్యునికి కొత్తగా అప్పగించిన పనేమీ కాదు. తన గురువు సంతానానికి ఈ విద్యను ప్రతిఫలం తీసుకోకుండా నేర్పుతానని గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న ప్రాచీన ప్రమాణంలోనే వైద్యుడు మాట ఇస్తాడు. 1893లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల ప్రారంభమైన తరువాత అక్కడి ఆచార్యుడు విలియం ఆస్లర్ విద్యార్థులను ఉపన్యాస మందిరం దాటించి, రోగి మంచం పక్కనే పాఠం చెప్పే పద్ధతికి బలమైన పునాది వేశారు. శస్త్రచికిత్స విభాగాల్లో ‘ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఒకటి నేర్పు’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. చూడడానికీ, చేయడానికీ ఏదో ఒక క్రమం ఉంది గాని, ఎలా నేర్పాలన్న ప్రశ్న మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. వైద్య పట్టభద్రులు బోధకులుగా, మార్గదర్శకులుగా కూడా పనిచేయగలగాలని బ్రిటన్‌లో వైద్యవృత్తిని నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ 2009లో ప్రకటించిన ప్రమాణాల్లో స్పష్టంగా చేర్చింది.

తెలిసిన విషయాన్ని చెప్పలేకపోవడం ఎందుకు జరుగుతుందో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. రక్తపోటు కొలిచేటప్పుడు అనుభవజ్ఞుడైన వైద్యుడు ముందు రోగి మణికట్టు దగ్గర నాడిని తాకుతూ, చేతికి చుట్టిన పట్టీ (కఫ్)లో గాలి నింపి, నాడి ఎక్కడ ఆగిందో గుర్తించి, అంతకు మరో 20 నుంచి 30 మిల్లీమీటర్లు పైకి తీసుకువెళ్లి, ఆ తరువాతే స్టెతస్కోప్ పెట్టి వింటూ గాలి వదులుతాడు. రక్తపోటు ఎక్కువగా ఉన్న కొందరిలో చప్పుళ్లు మధ్యలో కొంతసేపు వినబడకుండా పోయి మళ్లీ మొదలవుతాయి కాబట్టి, నాడిని చూడకుండా చెవినే నమ్ముకుంటే పై అంకె తక్కువగా నమోదు కావచ్చు. ఏళ్ల తరబడి చేసిన చేతికి ఇదంతా ఎంతగా అలవాటైపోతుందంటే, పాఠం చెప్పేటప్పుడు నాడి సంగతి వైద్యుని నోటికే రాదు. పాఠం విన్న విద్యార్థి కూడా ఆ మెట్టును వదిలేస్తాడు. బోధనలో శిక్షణ అంటే మొదటగా, మన చేతులు మనకు తెలియకుండానే చేస్తున్న పనిని విడదీసి, మాటల్లో పెట్టగలగడం.

శస్త్రవైద్యుడు రాడ్నీ పీటన్ 1990లలో రూపొందించిన నాలుగు అంచెల పద్ధతి సరిగ్గా ఈ అవసరానికే పుట్టింది. బోధకుడు మొదట ఆ పనిని మామూలు వేగంతో మౌనంగా చేసి చూపిస్తాడు. రెండోసారి ఒక్కో మెట్టును, దాని కారణాన్ని వివరిస్తూ చేస్తాడు. మూడోసారి విద్యార్థి మెట్లు చెబుతుంటే బోధకుడు అలాగే చేస్తాడు. నాలుగోసారి విద్యార్థే చెబుతూ చేస్తాడు. వీటిలో మూడో అంచె అన్నిటికంటే విలువైనదని నేను భావిస్తాను. విద్యార్థి ఏ మెట్టు మరచిపోయాడో, దేన్ని అపార్థం చేసుకున్నాడో, సూది రోగి దాకా వెళ్లకముందే బయటపడుతుంది.

చేతిపని కంటే ఆలోచనను నేర్పడం కష్టం. అందుకు 1992లో అమెరికాలోని కుటుంబ వైద్య అధ్యాపకులు ప్రతిపాదించిన, ‘ఒక నిమిషపు బోధన’గా పేరుపడిన ఐదు నైపుణ్యాలు నేటికీ ఉపయోగపడుతున్నాయి. కాళ్లవాపుతో, ఆయాసంతో వచ్చిన రోగిని పరీక్షించిన విద్యార్థిని తన సీనియర్ దగ్గరకు వచ్చిందనుకుందాం. శిక్షణ లేని సీనియర్ కేసు సగం వినగానే జబ్బు పేరు చెప్పి, మందులు చెప్పి పంపించేస్తాడు. శిక్షణ పొందినవాడు ముందు ‘నువ్వేమనుకుంటున్నావు?’ అని అడుగుతాడు. ఆమె గుండె వైఫల్యం అంటే, ‘ఏ ఆధారంతో?’ అంటాడు. ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో చప్పుళ్లు వినిపించాయని, పడుకుంటే ఆయాసం పెరుగుతోందని ఆమె చెబుతుంది. కాళ్లవాపు కనిపిస్తే గుండెతోపాటు మూత్రపిండాలను, కాలేయాన్ని కూడా తలచుకోవాలన్న ఒక్క సూత్రాన్ని మాత్రం అతను అందిస్తాడు. పడుకున్నప్పటి ఆయాసం గురించి అడగడం మంచి పని అని, దాన్ని ప్రత్యేకంగా పేర్కొని మెచ్చుకుంటాడు. చివరగా, మెడలోని సిరను చూడలేదని గుర్తుచేసి, ఇద్దరూ కలిసి వెళ్లి రోగిని సుమారు 45 డిగ్రీల వాలులో కూర్చోబెట్టి చూస్తారు. సీనియర్ మాట్లాడింది చాలా తక్కువ, కాని విద్యార్థిని ఆలోచన ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ ఖాళీగా ఉందో అతనికి తెలిసిపోయింది. బోధనలో శిక్షణ పొందేవారు అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకునేది ఇలా ఊరుకోవడమే, ఎందుకంటే సమాధానం తెలిసినప్పుడు దాన్ని నోట్లోనే ఆపుకోవడం ఎవరికీ తేలిక కాదు.

అదే ప్రశ్నను విద్యార్థిని నలుగురి ముందు చిన్నబుచ్చడానికి వాడే అలవాటు కూడా వైద్యవిద్యలో ఉంది. రోగి ఎదుట అవమానపడిన విద్యార్థి ఆ రోజు నుంచి తెలియనిదాన్ని దాచుకోవడం నేర్చుకుంటాడు, తెలియదని చెప్పలేని వైద్యుడు రోగికి ప్రమాదకారి. ఈ విషయంలో మెత్తగా మాట్లాడవలసిన అవసరం లేదు: భయపెట్టి చెప్పే పాఠాన్ని కఠినమైన క్రమశిక్షణ అని సమర్థించడం మానుకోవాలి. అమెరికా వైద్యుడు జాక్ ఎండె 1983లో వైద్యబోధన గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం ఫీడ్‌బ్యాక్‌కు, అంటే విద్యార్థి చేసిన పని ఎలా ఉందో అతనికి చెప్పడానికి, దారి చూపింది. బోధకుడు తాను స్వయంగా చూసిన పని గురించి, ఆలస్యం చేయకుండా, ఫలానా చోట ఫలానాది అని వివరంగా చెప్పాలి, మనిషి మీద తీర్పు చెప్పకూడదు. ‘నీకు శ్రద్ధ లేదు’ అనే మాటకు, ‘కడుపు తాకేటప్పుడు నువ్వు రోగి ముఖం వైపు చూడలేదు, అందువల్ల ఆయన నొప్పితో ముడుచుకున్నది నీకు తెలియలేదు’ అనే మాటకు ఎంత తేడా ఉందో శ్రోతలు గ్రహించగలరు.

ఇదంతా విద్యార్థి దశలోనే ఎందుకు మొదలుపెట్టాలని అడగవచ్చు. నిన్నగాక మొన్న ఆ చిక్కును దాటి వచ్చిన సీనియర్ విద్యార్థికి జూనియర్ ఎక్కడ తడబడతాడో బాగా గుర్తుంటుంది, ఇరవై ఏళ్ల అనుభవమున్న ఆచార్యుడికి అది గుర్తుండకపోవచ్చు. జూనియర్లు కూడా సీనియర్ విద్యార్థిని అడిగినంత స్వేచ్ఛగా ప్రొఫెసర్‌ను అడగరు. అయితే సీనియర్ తప్పును కూడా అంతే ధీమాగా నేర్పగలడు, అందుచేత అతని పాఠాన్ని అధ్యాపకులు ముందుగా సరిచూడాలి, అప్పుడప్పుడు వెనుక కూర్చొని వినాలి. అధ్యాపకుల కొరతను పూడ్చడానికి విద్యార్థుల చేత పాఠాలు చెప్పించడం మాత్రం ఇద్దరికీ అన్యాయమే.

శిక్షణ ఎలా ఉండాలంటే, బోధన గురించి ఉపన్యాసాలు వినిపించడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960లలో ఉపాధ్యాయుల కోసం రూపొందిన సూక్ష్మబోధన పద్ధతి వైద్య విద్యార్థులకూ చక్కగా పనికివస్తుంది. విద్యార్థి నలుగురైదుగురు తోటివారికి ఐదు పది నిమిషాల పాఠం చెబుతాడు. దాన్ని వీడియో తీసి అందరూ కలిసి చూసి, ఒకటి రెండు మార్పులు మాత్రమే సూచిస్తారు. అతను అదే పాఠాన్ని మళ్లీ చెబుతాడు. ఈ రెండోసారి చెప్పడాన్ని సమయం లేదని వదిలేయకూడదు, సరిదిద్దుకునే అవకాశం దొరికేది అందులోనే.

ఇక్కడ అలవడిన నేర్పు రోగి దగ్గరా ఉపయోగపడుతుంది. ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో వివరించిన వైద్యురాలు ‘అర్థమైందా?’ అని అడిగితే రోగి మొహమాటానికి తల ఊపుతాడు. ‘ఇంటికి వెళ్లాక ఎలా తీసుకుంటారో నాకు ఒకసారి చేసి చూపించండి, నేను సరిగ్గా చెప్పానో లేదో తెలుస్తుంది’ అని అడిగితే పొరపాటు అక్కడే దొరుకుతుంది. జూనియర్ విద్యార్థి మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదని ముందే నేర్చుకున్న వైద్యురాలికి ఈ ప్రశ్న అడగాలని తనంతట తానే తోస్తుంది.