తేదీ చూశాకే వడ్డీ లెక్క: ఏఎస్ 10, 16, 13 మీద మూడు ప్రాబ్లమ్స్

నమస్కారం. సీఏ ఇంటర్, బీకామ్ చదివేవాళ్ళ కోసం ఈరోజు ఏఎస్‌ల (అకౌంటింగ్ స్టాండర్డ్‌ల) మీద మూడు లెక్కలు చేద్దాం. పెన్ను, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

మొదటిది ఏఎస్ 10, ఆస్తి ఖరీదు ఎంతని లెక్కేయడం. త్వరగా అయిపోతుంది. ఒక కంపెనీ మిషన్ కొంది. లిస్ట్ ధర 20,00,000 రూపాయలు, ట్రేడ్ డిస్కౌంట్ 10 శాతం. జీఎస్టీ 3,24,000, దానికి ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. లారీ కిరాయి 40,000, బిగింపు 60,000, ట్రయల్ రన్ 25,000. ట్రయల్‌లో తయారైన శాంపిల్స్ అమ్మితే 5,000 వచ్చింది. ఆపరేటర్ల ట్రైనింగ్‌కి 30,000.

డిస్కౌంట్ పోగా 18,00,000. దానికి 40,000, 60,000, 25,000 కలిపి, శాంపిల్స్ మీద వచ్చిన 5,000 తీసేయండి. ఖరీదు 19,20,000. ట్రైనింగ్ పీ అండ్ ఎల్‌కి (లాభనష్టాల ఖాతాకి) వెళ్తుంది. జీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొస్తుంది కాబట్టి కలపలేదు. అదే జీఎస్టీ మినహాయింపు ఉన్న సరుకు మాత్రమే తయారుచేసే మిషన్ అయితే క్రెడిట్ రాదు, అప్పుడు ఆ 3,24,000 కూడా ఖరీదులోకే వస్తుంది. ప్రశ్నలో క్రెడిట్ గురించి ఏం రాశారో చూడకుండా పెన్ను కదపకండి.

ఇప్పుడు రెండోది, ఏఎస్ 16, అప్పు మీద వడ్డీలో ఎంత ఆస్తి ఖరీదులో కలపాలన్నది. దీని మీద కాస్త టైమ్ పెడదాం. ఫ్యాక్టరీ బిల్డింగ్ కోసమే 1 ఏప్రిల్ 2023న 50,00,000 అప్పు తెచ్చారు, వడ్డీ 12 శాతం. పని అదే రోజు మొదలైంది. 30 జూన్ 2024కి బిల్డింగ్ సిద్ధమైంది. ఓపెనింగ్ మాత్రం 1 అక్టోబర్ 2024న చేశారు. మొదటి ఏడాదిలో ఖర్చుకాని డబ్బు కొన్నాళ్ళు డిపాజిట్‌లో ఉంచితే 40,000 వచ్చింది.

నెలకు వడ్డీ 50,000. 2023-24లో 12 నెలలకు 6,00,000, అందులో డిపాజిట్ ఆదాయం 40,000 తీసేస్తే 5,60,000 బిల్డింగ్ ఖరీదులో కలుస్తుంది. వచ్చిన ఆ 40,000ని విడిగా 'ఇతర ఆదాయం' అని చూపిస్తే తప్పు. ఆ అప్పు లేకపోతే ఆ ఆదాయమూ లేదు కదా.

2024-25కి రండి. ఎక్కువమంది అక్టోబర్ దాకా ఆరు నెలల వడ్డీ, 3,00,000 కలిపేస్తారు. ఓపెనింగ్ తేదీ కళ్ళకు కనిపిస్తుంది కాబట్టి అటే లాగుతుంది. కానీ ఏఎస్ 16 అడిగేది ఒక్కటే: ఆస్తిని వాడకానికి సిద్ధం చేసే పనులు దాదాపుగా ఎప్పుడు పూర్తయ్యాయి? జూన్ 30న. రిబ్బన్ ఎప్పుడు కత్తిరించారన్నది దానికి అనవసరం. కాబట్టి మూడు నెలల 1,50,000 మాత్రమే బిల్డింగ్‌కి. జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలల 4,50,000 పీ అండ్ ఎల్‌కి. రెండేళ్ళలో మొత్తం 7,10,000 క్యాపిటలైజ్ అయింది, అంటే ఖరీదులో కలిసింది.

అన్నట్టు, సిద్ధం కావడానికి చాలాకాలం పట్టే ఆస్తికే ఇది వర్తిస్తుంది, మామూలుగా 12 నెలలు. ఇక్కడ 15 నెలలు పట్టింది, ఇబ్బంది లేదు. షాపులో రెడీగా కొన్న మిషన్ మీద వడ్డీ ఇలా కలపకూడదు. ఆ ఒక్క లైన్ జవాబులో రాయండి.

మూడోది ఇన్వెస్ట్‌మెంట్, ఏఎస్ 13. 100 రూపాయల ముఖవిలువ ఉన్న 12 శాతం డిబెంచర్లు (కంపెనీ అప్పు పత్రాలు) 1,000, 1 జూన్ 2024న కమ్ ఇంట్రెస్ట్ (అప్పటిదాకా పేరుకున్న వడ్డీతో కలిపి) 104 చొప్పున కొన్నారు. వడ్డీ తేదీలు మార్చి 31, సెప్టెంబర్ 30.

ఇచ్చిన డబ్బు 1,04,000. అందులో ఏప్రిల్, మే నెలల వడ్డీ 2,000 అమ్మినవాడిది. కాబట్టి ఖరీదు 1,02,000, ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్‌లోని వడ్డీ కాలమ్‌లో డెబిట్ 2,000. సెప్టెంబర్ 30న 6,000 వస్తే, మనకు ఆదాయం నాలుగు నెలలది, 4,000. బ్రోకరేజ్ ఉంటే అది ఖరీదులో కలపండి, వడ్డీ కాలమ్‌లో కాదు.

ఇదే 104 ఎక్స్ ఇంట్రెస్ట్ అని ఇచ్చి ఉంటే? అప్పుడు ఖరీదే 1,04,000, పైన వడ్డీ 2,000 వేరుగా ఇవ్వాలి, జేబులోంచి వెళ్ళేది 1,06,000. వీడియో ఇక్కడ పాజ్ చేసి రెండు రకాల జర్నల్ ఎంట్రీలూ మీ నోట్‌బుక్‌లో పక్కపక్కన రాయండి. రాసినవి కామెంట్లలో పెడితే నేను దిద్దుతాను.