టీచరే కౌన్సెలర్ అయితే తప్పేంటి? - స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. అంతమంది ఎక్కడ దొరుకుతారు? సార్, మీతోనే మొదలుపెడదాం.

యాజమాన్య ప్రతినిధి: కోర్టు మాటకు మేం ఎదురు చెప్పం. మనుషుల్ని చూపించండి, రేపే వేసుకుంటాం. మండల కేంద్రంలో స్కూలుకి సైకాలజీ పీజీ చేసినవాళ్లు వస్తారా? మా లెక్కల టీచర్‌కి ప్రతి పిల్లాడి ఇంటి సంగతీ తెలుసు. ఆయనకే ట్రైనింగ్ ఇచ్చి...

సైకాలజిస్ట్: అక్కడే ఇబ్బంది సార్. మార్కులు వేసేదీ ఆయనే, ఇంటికి ఫోన్ చేసేదీ ఆయనే. ఆయన దగ్గర పిల్ల నోరు విప్పి...

యాజమాన్య ప్రతినిధి: నన్ను పూర్తి చేయనివ్వండి మేడమ్!

యాంకర్: ఒక్క నిమిషం. అసలు దీనంతటికీ సెల్‌ఫోనే కారణం కాదా?

సైకాలజిస్ట్: ఫోన్ సంగతి వేరు. పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్నట్టు చూపించగలగాలని కోర్టు అంది. క్లినికల్ సైకాలజిస్టులకైతే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో రిజిస్ట్రేషన్ ఉంది. స్కూల్ కౌన్సెలర్‌కి ఏదీ? ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు.

టీచర్ల సంఘం నేత: కౌన్సెలింగ్‌లో ఎన్‌సీఈఆర్‌టీ డిప్లొమా ఉందిగా. ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ప్రత్యక్ష తరగతులు, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. మా వాళ్లు చేస్తారు, కానీ పీరియడ్లు తగ్గించాలి.

యాజమాన్య ప్రతినిధి: ఏడాదా? మూడు వారాలు చాలు! మనుషులు లేరంటున్నాను, మీకు అర్థం కావట్లేదు. మా లెక్కల టీచర్...

తల్లి: మా వాడి కాలేజీలో కౌన్సెలింగ్ గది ఉందండీ. తలుపు తీస్తే ఆన్సర్ షీట్ల కట్టలు. ఆ కౌన్సెలర్ అమ్మాయి ఫీజు కట్టమని మాకు ఫోన్లు చేస్తుంటుంది.

యాజమాన్య ప్రతినిధి: ఏ కాలేజీ? మాది కాదు కదా! (నవ్వులు)

సైకాలజిస్ట్: మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని కూడా కోర్టు అంది. అది చేస్తున్నారా మీరు?

యాజమాన్య ప్రతినిధి: అమ్మానాన్నలే వచ్చి "మావాణ్ణి పై సెక్షన్‌లో వేయండి" అని అడుగుతారు! అడుగుతారా లేదా, చెప్పండమ్మా!

తల్లి: అడుగుతాం, కానీ...

యాజమాన్య ప్రతినిధి: చూశారా!

(సెక్షన్ల మీద వాదన చాలాసేపు సాగింది. ఆ తల్లి వాక్యం మాత్రం పూర్తి కాలేదు.)

యాంకర్: ఆ సెక్షన్‌లోని పిల్లాడు కూడా రాత్రి ఫోనే చూస్తున్నాడు కదా మేడమ్?

సైకాలజిస్ట్: చూడనివ్వండి! అర్హత ఎవరు నిర్ణయిస్తారన్నదే నా ప్రశ్న. టీచర్లు వద్దని నేను అనలేదు. డిప్లొమా చేసి, ఆ పిల్లలకు పాఠం చెప్పకుండా, మార్కులు వేయకుండా ఉంటే...

యాజమాన్య ప్రతినిధి: అదిగో, మేడమ్ కూడా ఒప్పుకున్నారు!

సైకాలజిస్ట్: షరతులు వినండి ముందు...

(ఇద్దరూ ఒకేసారి)

టీచర్ల సంఘం నేత: మరి పీరియడ్ల సంగతి?

యాంకర్: సమయం లేదు సార్. మొత్తానికి టీచర్లకే అవకాశం ఇవ్వాలని మన ప్యానెల్...

సైకాలజిస్ట్: ఎవరన్నారు?

యాంకర్: చిన్న విరామం. తర్వాత, పిల్లల చేతిలో సెల్‌ఫోన్ మీద ప్రత్యేక చర్చ. చూస్తూనే ఉండండి.