మంచుకొండల్లో ఉన్న భర్తకి ఏం రాయాలి? (ఫోన్-ఇన్)

యాంకర్: హలో, చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్తే అండి, శ్రీకాకుళం జిల్లా. మావారు మిలటరీలో ఉన్నారు, ఇప్పుడు పోస్టింగ్...

సుబేదార్ (రిటైర్డ్): అమ్మా, ఆగండి. చోటు పేరు రేడియోలో వద్దు. మంచు ప్రాంతం అనండి చాలు.

కాలర్: అలాగేనండి. అక్కడ ఫోన్ దొరకదు, ఉత్తరాలే. ప్రతి దాంట్లోనూ 'నేను క్షేమం, అమ్మని చూసుకో, పాపని బడికి పంపు', అంతే. చలి ఎలా ఉందో, ఏం తింటున్నారో ఒక్క ముక్క రాయరు. ఏదో దాస్తున్నారని టెన్షన్ అండి. ఇక్కడేమో మా అత్తకి షుగర్ ఎక్కువై ఆస్పత్రిలో ఉంది, అది రాయాలో మానాలో తెలీట్లేదు.

సుబేదార్: నేను సియాచిన్‌లో చేశానమ్మా. చలికాలం రాత్రి మైనస్ 40 కూడా దాటుతుంది, పెన్నులో ఇంకు గడ్డకడితే పెన్సిల్‌తో రాసేవాళ్లం, గ్లౌజు తీసి నాలుగు లైన్లు రాసేసరికి వేళ్లు మొద్దుబారతాయి, ఎక్కువసేపు తీస్తే చెయ్యే పాడవుతుంది. ఆ ఎత్తులో ఆకలి ఉండదు, నిద్ర సరిగ్గా పట్టదు, అలాంటప్పుడు రాసిన నాలుగు లైన్లవి. ప్రేమ లేక కాదమ్మా. చోటు పేరు, ఎంతమంది ఉన్నారు, ఎప్పుడు కదులుతారు, ఇవైతే రాయకూడదు కూడా.

కాలర్: మరి అత్త సంగతి?

సుబేదార్: రాయండి, తప్పకుండా రాయండి. మీరు దాస్తే మీ ఊరి జవాను ఎవరో చెప్తాడు, అప్పుడు అతనికి ఇంకా దిగులు. 'షుగర్ ఎక్కువైంది' అని ఆపెయ్యకుండా డాక్టరు ఏమన్నారు, దగ్గర ఎవరున్నారు, డబ్బు ఎలా సర్దారు, అన్నీ రాయండి. పరిస్థితి మరీ బాగోకపోతే ఉత్తరం కోసం కూర్చోవద్దు, డాక్టరు కాగితం పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, యూనిట్‌కి కబురు ఎలా పంపాలో వాళ్లు చెప్తారు, సెలవు సంగతి యూనిట్‌లో చూస్తారు.

కాలర్: ఆయన్ని ఏమైనా అడగొచ్చాండి?

సుబేదార్: ఒక్క ముక్కలో జవాబు రాయగలిగేవి అడగండి. సాక్సులు ఆరుతున్నాయా, కిరసనాయిల్ స్టవ్ సరిగ్గా వెలుగుతోందా, ఇలా. 'ఎలా ఉన్నారు' అంటే 'బాగున్నాను' అనే వస్తుంది, ఏ జవానైనా అంతే.

యాంకర్: ఉత్తరాలు ఆలస్యమవుతుంటే?

సుబేదార్: పైకి హెలికాప్టర్‌లో రేషన్‌తో పాటే టపా, వాతావరణం బాగోకపోతే ఆగిపోతుంది, తర్వాత నాలుగైదు ఉత్తరాలు ఒకేసారి అందుతాయి. అందుకే ప్రతి దాని మీద తేదీ, వరస నంబర్ వెయ్యండమ్మా, లేకపోతే అత్త ఇంటికొచ్చిన ఉత్తరం ముందు చదివి, ఆస్పత్రిలో చేర్చిన ఉత్తరం తర్వాత చదివి హడలిపోతాడు. అడ్రస్ మీద ఆయన ఆర్మీ నంబర్, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు, ఏ నంబరో ఆయన ఉత్తరం మీద చూడండి), 9తో మొదలయ్యే పిన్‌కోడ్. ఊరు పేరు వద్దు.

కాలర్: ఇవాళే రాస్తానండి. పాప వేసిన బొమ్మ పెట్టొచ్చా?

సుబేదార్: పెట్టమ్మా, బరువు లేకుండా మడిచి పెట్టు.

యాంకర్: సరేనమ్మా, నెక్స్ట్ కాలర్ లైన్‌లో ఉన్నారు.