ముహూర్తం రాత్రి రెండింటికైతే

వేదిక మీది పెద్దలకు, ఎండన పడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఈ రోజు మార్చి 30, ప్రపంచ బైపోలార్ దినం. బైపోలార్ అంటే మూడ్ కొన్నాళ్లు మితిమీరి పైకెక్కి, కొన్నాళ్లు దిగులులోకి జారిపోయే మానసిక జబ్బు; ఆ పైకెక్కే దశనే మేనియా అంటారు. చిత్రకారుడు వాన్ గో పుట్టినరోజని ఈ తేదీ ఎంచుకున్నారు. ఆయన సంగతి ఎత్తితే నాకిచ్చిన పావుగంటా దానికే సరిపోతుంది, వదిలేద్దాం. కార్డులో నా అంశం 'మూడ్ మార్పులు' అని వేశారు. నేను మాత్రం నిద్ర దగ్గరే మొదలుపెడతాను, బహుశా అక్కడే ఆగిపోతాను కూడా.

నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర్లేకపోవడం వేరు. మొదటిదాంట్లో మనిషి పొద్దున్నే వడలిపోయి లేస్తాడు. రెండోదాంట్లో మూడు గంటలు పడుకుని లేచి, అటక మీది సామానంతా దించి సర్ది, ఐదు కొట్టకముందే చుట్టాలందరికీ ఫోన్లు చేస్తాడు. ఇంట్లోవాళ్లేమో 'నెలల తరబడి మూలన పడున్నాడు, ఇప్పటికి లేచాడు' అని సంబరపడతారు. సంబరం కాదమ్మా, అది మూడ్ పైకెక్కుతోందని హెచ్చరిక గంట మోగడం! వరసగా రెండు రాత్రులు ఐదు గంటల కన్నా తక్కువే నిద్రపోయి, పగలు అలుపన్నదే లేకపోతే మూడో రాత్రి దాకా ఆగకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. మందుల షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చి వేయకండి.

ఇందుకే ఒక రూళ్ల నోటుబుక్కు పెట్టమనేది. నాలుగు గళ్లు చాలు: పడుకున్న వేళ, లేచిన వేళ, మాత్ర వేసుకున్నదీ లేనిదీ, మూడ్‌కి మైనస్ 3 (బాగా దిగులు) నుంచి ప్లస్ 3 (బాగా పైకెక్కడం) వరకు ఒక అంకె. అంకె రోజూ ఒకే వేళకు వేయాలి, రాత్రి ఎనిమిదనుకోండి. పక్కన ఇంట్లోవాళ్లు కూడా తమ అంకె వేయాలి. మూడ్ పైకెక్కినవాడికి తాను ఎక్కినట్టు తెలియదు.

ఇప్పుడు నా అసలు బాధ చెప్పనివ్వండి. మన పెళ్లి ముహూర్తాలు! రాత్రి రెండుంపావుకు జీలకర్ర బెల్లం, అంతకుముందు ఎదుర్కోలు, తెల్లారి అప్పగింతలు, మర్నాడు వ్రతం. మూడు రోజులు ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర ఉండదు. మిగతావాళ్లు నాలుగో రోజు పడుకుని తేరుకుంటారు. బైపోలార్ ఉన్న మనిషికి ఆ నిద్రలేమే మేనియాకు తలుపు తీయగలదు. నిద్ర తగ్గడం జబ్బు గుర్తే కాదు, జబ్బును రేపే నిప్పు కూడా. శివరాత్రి జాగారానికీ, అమెరికా ప్రాజెక్టు నైట్ షిఫ్టుకూ, రాత్రి బస్సు ప్రయాణానికీ ఇదే లెక్క.

పెళ్లికి వెళ్లొద్దని కాదు. సాయంత్రం భోజనానికి వెళ్లి అందర్నీ పలకరించి, రోజూ వేసుకునే వేళకే మాత్ర వేసుకుని, సన్నాయి వినబడని గదిలో పదింటికి పడుకోవాలి. అక్షింతలు పొద్దున వేయొచ్చు. పెళ్లికొడుకో పెళ్లికూతురో అయితే పురోహితుణ్ణి పగటి ముహూర్తం అడగండి, ఉంటాయి.

దిగులు దశలో తంటా తిరగబడుతుంది, పన్నెండు గంటలు పడుకున్నా చాలదు. అప్పుడు పట్టుకోవాల్సింది లేచే వేళను. ఆదివారమైనా అదే వేళకు లేచి కాసేపు వెలుతురులో కూర్చోవాలి. నిద్రలేమికి పడక గంటలు కుదించే చికిత్స ఒకటుంది, దాన్ని సొంతంగా చేయకండి. బైపోలార్‌లో పడక మీద గడిపే సమయాన్ని ఆరున్నర గంటల కన్నా తగ్గనివ్వరు.

ఏడుపూ చిరాకూ ఉరుకులాటా ఒకేసారి ఉండి, నిద్ర కూడా పోయిందంటే అది మిశ్రమ దశ కావచ్చు. ఆత్మహత్య ముప్పు చాలా ఎక్కువగా ఉండే సమయమది. ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా పలుకుతుంది.

చీటీ వచ్చింది, టైమైందట. ఒక్క నిమిషం, మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం మాత్ర వాడేవాళ్లకు. రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్ష, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత చేయించాలి. పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోండి, లేకపోతే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మామూలుగా 0.6 నుంచి 0.8 మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషమే. ఎండాకాలం చెమట, విరేచనాలు, ఒంటినొప్పులకు వేసే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ దాన్ని పైకి నెడతాయి. ఉప్పు ఒక్కసారిగా మానేసినా అంతే. చేతులు బాగా వణికి, నడక తూలి, మాట ముద్దయితే తర్వాతి మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, పాత రిపోర్టులు వెంట పెట్టుకుని.