పుట్టినరోజు బల్ల మీద ఒక చేప

శ్రోతలందరికీ నమస్కారం.

పిల్లలు పుట్టినరోజుకి ఫలానా కేకే కావాలని అడుగుతారు. ఒకరికి రైలు, ఒకరికి సీతాకోకచిలుక, ఇంకొకరికి చేప. అడగ్గానే మనకు ఫోన్‌లో చూసిన ఫొటోలు గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది. అలాంటప్పుడు నేను పిల్లల చేతికి ఒక కాగితం, రంగు పెన్సిళ్ళు ఇచ్చి, "ఏదీ, నీ చేప ఎలా ఉండాలో గీసి చూపించు" అంటాను. ఐదేళ్ళ పిల్లలు గీసే చేపకి గుండ్రటి ఒళ్ళు, మూడు మూలల తోక, తెరిచిన నోరు, ఒక కన్ను ఉంటాయి. కేకు మీద మనం తేవాల్సినవి ఆ నాలుగే. ఇంకేం పెట్టినా అలంకారం కోసమే. నన్నడిగితే, సమయం తక్కువ ఉన్నప్పుడు ఆ అలంకారాన్ని నిస్సంకోచంగా వదిలేయొచ్చు.

ఈ చేపకి ప్రత్యేకమైన టిన్ను అక్కర్లేదు. 20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్నులు రెండు చాలు. నాలుగు గుడ్లు పెంకుతో సహా తూచండి. ఎంత బరువుంటే అంత వెన్న, అంత చక్కెర, అంత మైదా తీసుకోండి. సుమారు 220 గ్రాములు ఉంటుంది. రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ మైదాలో కలిపి జల్లించండి. వెన్న, చక్కెర తెల్లగా నురగలా అయ్యేదాకా గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటిగా వేస్తూ కలిపి, చివర్లో మైదా నెమ్మదిగా కలపాలి. ఆ పిండిని రెండు టిన్నుల్లో సమంగా పోసి, ఓవెన్‌లో 180 డిగ్రీల వేడిలో 20 నుంచి 25 నిమిషాలు. మధ్యలో గుచ్చిన పుల్లకు పిండి అంటకుండా వస్తే కేకు అయినట్టే.

ఇదంతా ముందురోజే అయిపోవాలి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఒకసారి తొందరపడి గోరువెచ్చటి కేకు మీద క్రీమ్ రాశాను. పైన చల్లగానే తగిలింది, లోపల వేడి అలాగే ఉంది. కాసేపటికే వెన్న కరిగి క్రీమంతా పళ్ళెంలోకి జారింది. అప్పటినుంచి కేకుని బాగా చల్లార్చి, గాలి తగలకుండా చుట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను. చల్లబడి గట్టిపడ్డ కేకుని పళ్ళున్న కత్తితో కోస్తే అంచు శుభ్రంగా వస్తుంది. తాజా కేకు కోస్తే చిరుగుతుంది.

మర్నాడు క్రీమ్ పని. 250 గ్రాముల మెత్తటి వెన్నకి 500 గ్రాముల ఐసింగ్ షుగర్, అంటే మెత్తటి పొడి చక్కెర, ఒకటి రెండు చెంచాల పాలు. చక్కెర వేయకముందు వెన్నని ఐదు నిమిషాలైనా గిలకొట్టాలి. వెన్నలో సహజంగా పసుపు ఉంటుంది కదా, అందులో నీలం రంగు వేస్తే ఆకుపచ్చకి తిరుగుతుంది. ఎంత గిలకొడితే అంత తెల్లబడుతుంది, నీలం నీలంగా నిలుస్తుంది. నీళ్ళలా ఉండే రంగు క్రీమ్‌ని పలచబరుస్తుంది కాబట్టి జెల్ రంగు మంచిది. కలిపిన రంగు గంటలు గడిచేకొద్దీ ముదురుతుంది. అందుకని కావాల్సిన దానికన్నా కాస్త లేతగా ఉన్నప్పుడే ఆపేయండి. నలుపు కావాలంటే తెల్ల క్రీమ్‌తో కుస్తీ పట్టకుండా, కోకో కలిపిన క్రీమ్‌తో మొదలుపెట్టండి.

ఇప్పుడు చేప. రెండు కేకుల మధ్య క్రీమ్ రాసి ఒకదానిమీద ఒకటి పెట్టండి. ఆరో వంతు కన్నా కాస్త చిన్న ముక్క, మొన సరిగ్గా కేకు మధ్యకి వచ్చేలా కోసి బయటికి తీయండి. ఆ ఖాళీయే చేప నోరు. తీసిన ముక్కని అటు తిప్పి, దాని మొన చేప వెనక అంచుకి తగిలేలా పెడితే తోక వచ్చేసింది. ఒక్క తునక కూడా వృథా కాలేదు! కేకు ముందు నిలబడ్డ పిల్లల కళ్ళలో "అరే, చేప!" అనే మెరుపు ఆ క్షణంలోనే కనిపిస్తుంది. సీతాకోకచిలుక అయితే ఇంకా తేలిక. గుండ్రటి కేకుని సగానికి కోసి, వంపు తిరిగిన వైపులు రెండూ మధ్యలో కలిసేలా పెడితే రెక్కలు సిద్ధం.

కేకు మొత్తానికీ ముందు పలచగా క్రీమ్ రాసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. రాలే పొడంతా ఆ పూతలో అతుక్కుపోతుంది, పై పూత శుభ్రంగా వస్తుంది.

పొలుసులు మాత్రం పిల్లలచేతే వేయించండి. తోక దగ్గర మొదలుపెట్టి, శనగగింజంత క్రీమ్ చుక్కలు ఒక వరుసలో పెట్టాలి. ఒక్కో చుక్క మీద చిన్న చెంచా వెనక వైపు ఆనించి, తల వైపుకి మెల్లగా లాగాలి. ఆ లాగిన చారల మీద తర్వాతి వరుస చుక్కలు. గుండ్రటి అంచులన్నీ తోక వైపుకి తిరిగి, నిజమైన చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకుంటాయి. రెండు వరుసలు మీరు వేసి చూపిస్తే, మూడోది వాళ్ళు వేస్తారు. వంకర పోతే దిద్దకండి. "ఇది నేను వేసిందే" అని పార్టీలో వాళ్ళు వేలు పెట్టి చూపించేది ఆ వంకర వరుసనే.

కంటికి ఒక చాక్లెట్ బిళ్ళ. మెరుపుపొడి చల్లాలనుకుంటే డబ్బా మీద 'తినదగినది' అని ఉందో లేదో చూడండి. విషం కాదని రాసినంత మాత్రాన అది తినే వస్తువు కాదు. ఆకారం నిలవడానికి టూత్‌పిక్‌లు గుచ్చి ఉంటే లెక్కపెట్టి మరీ తీసేయండి. పార్టీకి మూడేళ్ళలోపు పిల్లలు వస్తుంటే కేకు మీద చిన్న ప్లాస్టిక్ బొమ్మలు వద్దు, గొంతులో అడ్డం పడతాయి. వచ్చే పిల్లల్లో గుడ్డు, పాలు, గింజలు పడనివాళ్ళు ఉన్నారేమో వాళ్ళ అమ్మానాన్నలను ముందే అడగండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన కేకు వెన్న వల్ల గట్టిగా ఉంటుంది. కోయడానికి గంట ముందే బయట పెట్టండి. తలవైపు నుంచి కోయాలా, తోకవైపు నుంచి కోయాలా అన్నది పుట్టినరోజు పాపాయినే అడగండి.

సెలవు. నమస్కారం.