మడికి పంపితే బడికి చేరిన క్యారేజీ

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. వినికిడి లేనివారి గురించి మనలో పాతుకుపోయిన అపోహలను ఈరోజు కాస్త సరదాగా కదిలిద్దాం. మన అతిథి పుట్టుకతోనే వినికిడి లేని ఉపాధ్యాయిని. ఆమె సంకేత భాషలో చెప్పేదాన్ని పక్కనున్న అనువాదకురాలు మాటల్లో వినిపిస్తారు కనుక, జవాబు ఒక్క క్షణం ఆలస్యమైతే లైను తెగిందనుకుని ఫోను పెట్టేయకండి. రాజోలు వైపు నుంచి మొదటి శ్రోత, చెప్పండి.

శ్రోత: (బిగ్గరగా) నమస్కారమమ్మా! వినిపిస్తోందా?

అతిథి: నమస్కారమండి. మీరెంత అరిచినా నాకు ఒకటే గాని, పాపం మా అనువాదకురాలు చెవులు రుద్దుకుంటున్నారు.

శ్రోత: అయ్యో, క్షమించండి. మా మేనల్లుడికి పన్నెండేళ్ళు. వినపడదు గాని, పెదాలు చూసి అన్నీ పట్టేస్తాడని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం. మొన్న పొద్దున్న బయల్దేరుతుంటే ఇంకో క్యారేజీ చేతికిచ్చి, ‘ఇది మడి దగ్గర ఇచ్చెయ్యరా’ అన్నాను. వాడు తిన్నగా బడికి పోయి మాస్టారికి ఇచ్చేశాడు. నాట్లు వేయిస్తున్న మా బావగారు మధ్యాహ్నం రెండింటి దాకా గట్టు మీద ఆకలితో కూర్చున్నారు. వాడికి ధ్యాస లేదంటారా, పొగరంటారా?

అతిథి: రెండూ కాదండి. అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా ‘మడి’, ‘బడి’, ‘పడి’ అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుని ఒకేలా విడిపోతాయి. తేడా అంతా ముక్కులోనూ గొంతులోనూ ఉంటుంది. ‘పాట’, ‘బాట’, ‘మాట’ కూడా అంతే. క, గ లాంటివైతే నోటి వెనక భాగంలోనే పుడతాయి, బయటికి కనిపించేది బహు తక్కువ. అందుకని పెదాలు చదవడమంటే సగానికి పైగా ఊహించడమే. పుస్తకాల సంచీ భుజాన వేసుకున్న పిల్లవాడికి ‘బడి’లా కనిపించే మాట చెబితే, వాడు సరిగ్గానే ఊహించాడు! చెవిటివాని ముందు శంఖం ఊదితే, ‘అది కొరకడం నీ తాతల తరం కాదు’ అన్నాడని మన సామెత. నవ్వుతారు గాని, కంటికి కనిపించినదాన్ని బట్టి ఆయన తప్పేమీ అనలేదు. ఇంతకీ మీకు మీసం ఉందా?

శ్రోత: గుబురు మీసమమ్మా.

అతిథి: అయితే పెదాల్లో సగం అదే మింగేసింది. అరిస్తే మిగిలిన సగం వంకరపోతుంది. ‘మడి’ అని మూడుసార్లు అరిచే బదులు ‘చేను’ అని మాట మార్చండి, వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడండి, చేత్తో చూపించండి.

వ్యాఖ్యాత: పాలకొల్లు నుంచి మరో శ్రోత.

రెండవ శ్రోత: మా నాన్నగారికి చెవి మిషను పెట్టించామండి. కళ్ళజోడు పెట్టుకోగానే కనిపించినట్టు, ఇక అంతా వినిపించాలి కదా? వినిపిస్తోంది గాని అర్థం కావడం లేదంటారు.

అతిథి: స్టేషను సరిగ్గా అందని రేడియోకి శబ్దం పెంచితే పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది కదండీ? లోపలి చెవిలోని సన్నని రోమకణాలు దెబ్బతిన్నప్పుడు పరిస్థితి అలాంటిదే. మిషను ధ్వనిని పెంచుతుంది, స్పష్టతను పూర్తిగా తిరిగి తేలేదు. అమర్చినవారి దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళి సరిచేయించండి, అలవాటు పడడానికి కొన్ని వారాలు ఇవ్వండి. భోజనాల పంక్తిలో మాత్రం ఆయనను పరీక్షించకండి.

మూడవ శ్రోత: అమలాపురం నుంచి, మేడం. సంకేత భాష ప్రపంచమంతా ఒకటే కదా?

అతిథి: ఎవరు పుట్టించారో ఈ మాట! అమెరికావారు అక్షరాలను ఒంటి చేత్తో చూపిస్తారు, మనం రెండు చేతులతో. భారతీయ సంకేత భాషలో ప్రశ్నపదం సాధారణంగా వాక్యం చివరికి వస్తుంది. దీని బోధనకూ పరిశోధనకూ 2015లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం కూడా ఏర్పడింది. ఇంకొకటి, మాకు బండి నడపడం రాదంటారు. హారను వినిపించకపోయినా అద్దాలు కనిపిస్తాయండి.

వ్యాఖ్యాత: రాజోలు శ్రోత లైనులోనే ఉన్నారు. అతిథి ఒకటి అడుగుతున్నారు: ఆ క్యారేజీ ఏమైంది?

మొదటి శ్రోత: మాస్టారు కడిగి పంపించారండి. చేపల పులుసు చాలా బాగుందట.