స్టేజ్ 2 ఆక్టేవియా ఆర్‌ఎస్: బాగుచేయించాలా, అమ్మేయాలా?

నమస్కారం అండీ. ఈ రోజు ఒకే బండి, ఒకే ప్రశ్న.

బండి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. 2017 ఆగస్టులో మన దేశానికి వచ్చింది. 2.0 టీఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజన్, 230 పీఎస్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, 6 గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). 85,000 కిలోమీటర్లు తిరిగింది అనుకుందాం. స్టేజ్ 2 రీమ్యాప్ ఉంది (అంటే కొన్ని పార్టులు మార్చి, ఎక్కువ పవర్ కోసం ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ తిరగరాయడం), క్యాట్ (పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) లేని డౌన్‌పైప్, అంటే టర్బో తర్వాతి పొగ గొట్టం, ఉంది, ఇంటేక్ మార్చారు, స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించారు. ఇప్పుడు ఇబ్బందులు వరసకట్టాయి. కూలెంట్ నెలకి అర లీటరు తగ్గుతోంది. 4వ గేరులో, 6వ గేరులో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం లేస్తోంది గానీ బండి లాగట్లేదు. అప్పుడప్పుడు ఈపీసీ లైటు (ఇంజన్ పవర్ కంట్రోల్‌లో లోపం చెప్పే హెచ్చరిక) వెలుగుతోంది. ఒక షెడ్డులో గేర్‌బాక్స్ పోయిందన్నారు, ఇంకో షెడ్డులో ఇంజన్ విప్పాలన్నారు. ఈ స్థితిలో చాలామంది వెంటనే బండి ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టేస్తారు. సరిగ్గా ఇక్కడే ఎక్కువ డబ్బు పోతుంది.

ఎందుకంటే, జబ్బేంటో తెలియని బండికి కొనేవాళ్లు ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ పోయిన బండి రేటే కడతారు. రీమ్యాప్ చేసిన బండి అయితే ఇంకా దిగ్గొడతారు. వాళ్ల తప్పేమీ లేదు, రిస్క్ వాళ్లదే కదా. కాబట్టి ఉంచుకోవాలన్నా, వదిలించుకోవాలన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది రిపేరుకి కాదు, పరీక్షకి. ఏది పోయిందో, ఎందుకు పోయిందో కాగితం మీదికి రావాలి.

కూలెంట్‌తో మొదలుపెడదాం. ఈ బండిలో ఉన్న ఈఏ888 మూడో తరం ఇంజన్‌లో వాటర్ పంప్, థర్మోస్టాట్ రెండూ కలిసి ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఉంటాయి. ఇంటేక్ మ్యానిఫోల్డ్ కింద, గేర్‌బాక్స్ వైపు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఆ ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది, సీలు దగ్గర కారడం మొదలవుతుంది. కారిన కూలెంట్ వేడికి ఆరిపోయి గులాబీ రంగు పొరలా మిగులుతుంది, నేల మీద చుక్క పడదు. అందుకే "ఎక్కడా లీకు లేదు, హెడ్ గ్యాస్కెట్ పోయుంటుంది" అనేస్తారు. తొందరపడొద్దు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకుకి ప్రెషర్ పంపు తగిలించి 1.4 బార్ దాకా ఎక్కించి 20 నిమిషాలు వదిలేయండి. ముల్లు పడిపోతే, అద్దం, టార్చి పెట్టుకుని ఆ హౌసింగ్ కింద చూడండి. స్టాక్ బళ్లలో (ఏ మార్పూ చేయని, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నవాటిలో) కూడా ఇది పోతుంది, రీమ్యాప్‌కీ దీనికీ సంబంధం లేదు.

మార్చేటప్పుడు కొన్ని చూసుకోవాలి. ఈ పంపుని తిప్పేది బ్యాలెన్స్ షాఫ్ట్ నుంచి వచ్చే చిన్న పళ్ల బెల్టు. పంపుతో పాటు ఆ బెల్టు కూడా కొత్తదే వేయండి. దాని పుల్లీ బోల్టుకి ఎడమచుట్టు మర ఉంటుంది. తెలియక మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుపోతుంది, తల విరిగితే చిన్న పని కాస్తా పెద్దదవుతుంది. హౌసింగ్ స్క్రూలకి 9 న్యూటన్ మీటర్లు చాలు. చేతి బలంతో బిగిస్తే కొత్త ప్లాస్టిక్ కూడా పగులుతుంది. తర్వాత ఆ ఇంజన్‌కి చెప్పిన కూలెంట్‌నే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. బోరు నీళ్లు పోస్తే లోపల పొలుసు కడుతుంది.

ఇప్పుడు ఈపీసీ లైటు. దాన్ని చూసి భయపడి అమ్మేవాళ్లే ఎక్కువ. స్కానర్ పెట్టి కోడ్ చదవండి. పీ0300 నుంచి పీ0304 వరకు వస్తే మిస్‌ఫైర్. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెరిగినప్పుడు ప్లగ్ గ్యాప్ ఎక్కువుంటే నిప్పురవ్వ ఆరిపోతుంది. స్టేజ్ 2లో గ్యాప్ 0.6 నుంచి 0.65 మిల్లీమీటర్ల దగ్గర పెడతారు. ప్లగ్‌లు, కాయిల్స్ మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. పీ2187 వస్తే ఐడిల్‌లో గాలి ఎక్కువవుతోందని అర్థం, పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి పంపేది) డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు. ఐడిల్‌లో ఆయిల్ మూత తీయబోతే గట్టిగా లోపలికి లాగుతుంటే, ఈల లాంటి శబ్దం వస్తుంటే అదే. దాన్ని వదిలేస్తే క్రాంక్‌కేస్ ఒత్తిడి లెక్క తప్పి, వెనక మెయిన్ సీలు నుంచి ఆయిల్ కారుతుంది. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. పీ0299 వస్తే బూస్ట్ చాలట్లేదు. పైపులో లీకు, డైవర్టర్ వాల్వ్, వేస్ట్‌గేట్, ఈ వరసలో చూడండి, టర్బో మీద అనుమానం చివర్లో. టర్బో షాఫ్ట్‌ని వేళ్లతో కదిపితే పక్కలకి కొంచెం ఆడడం మామూలే. ముందుకీ వెనక్కీ ఆట తెలుస్తుంటే మాత్రం అది పోయినట్టే.

పీ0087 వస్తే దాన్ని సీరియస్‌గా తీసుకోండి. ఫ్యూయల్ రైల్‌లో ఒత్తిడి పడిపోతోంది. ఈ ఇంజన్ 200 బార్ దాకా అడుగుతుంది. ఇక్కడ ఈ20 పెట్రోల్ సంగతి వస్తుంది. మామూలు పెట్రోల్‌తో పోలిస్తే 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌కి అదే గాలికి దాదాపు 7, 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. అంచు దాకా లాగి రాసిన పాత స్టేజ్ 2 ఫైలు (రీమ్యాప్ సాఫ్ట్‌వేర్) ఉంటే, ఆ అదనపు ఇంధనం ఇచ్చే సత్తా హై ప్రెషర్ పంపుకి మిగిలి ఉండదు. ఫుల్ లోడ్‌లో మిశ్రమం పలచబడుతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడం) మొదలవుతుంది, పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. అందుకే డైనో (బండిని ఒకేచోట ఉంచి చక్రాలు తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద 3వ గేరులో ఒక లాగ్, అంటే ఇంజన్ అంకెల రికార్డు, తీయించండి. బూస్ట్, రైల్ ప్రెషర్ రెండింటికీ అడిగింది ఎంత, వచ్చింది ఎంత, ప్రతి సిలిండర్‌లో టైమింగ్ ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోంది. ఒకే సిలిండర్ పదే పదే 5 డిగ్రీలు దాటి లాగుతుంటే ఆ ఫైలుతో ఇక తొక్కొద్దు. ఈ పరీక్ష ఔటర్ రింగ్ రోడ్డు మీద చేసేది కాదండీ, డైనో మీదే చేయించండి.

తర్వాత కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారిపోతోందో చూసే పరీక్ష). కంప్రెషన్ అంకె ఒక్కో గేజికి ఒక్కోలా వస్తుంది, సిలిండర్ల మధ్య తేడా చూడండి. 3 బార్ దాటితే ఇబ్బంది. లీక్‌డౌన్ 10 శాతం లోపుంటే నిశ్చింతగా ఉండొచ్చు. 20 దాటితే గాలి ఎటు పోతోందో వినండి: ఆయిల్ మూత దగ్గర వినపడితే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, కూలెంట్ ట్యాంకులో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్.

ఇక గేర్‌బాక్స్. అసలు నిర్ణయం ఇక్కడే తేలుతుంది. ఇది డీక్యూ250, ఆయిల్‌లో మునిగి ఉండే రెండు క్లచ్‌లు. కంపెనీ దీనికి పెట్టిన టార్క్ పరిమితి 350 న్యూటన్ మీటర్లు. ఆర్‌ఎస్ 230 షోరూమ్ నుంచి వచ్చేటప్పుడే ఆ 350 దగ్గర ఉంది. స్టేజ్ 2లో 420, 440 లాగుతారు. గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా మార్చి క్లచ్ మీద నొక్కుడు పెంచితే కొంతకాలం తట్టుకుంటుంది. ఇంజన్ రీమ్యాప్ మాత్రమే చేసి ఊరుకుంటే క్లచ్ ప్లేట్లు జారుతూ కాలుతూ ఉంటాయి. 1, 3, 5, రివర్స్ గేర్లు ఒక క్లచ్‌వి, 2, 4, 6 ఇంకో క్లచ్‌వి. మన బండి 4, 6లో మాత్రమే జారుతోంది. అంటే పోయింది లోపలి వైపు ఉండే చిన్న క్లచ్, గేర్‌బాక్స్ మొత్తం కాదు. "గేర్‌బాక్స్ మార్చాలి" అన్న మాటకీ దీనికీ లక్షల్లో తేడా.

ముందు గేర్ ఆయిల్, ఫిల్టర్ మార్చండి. 60,000 కిలోమీటర్లకి మార్చాల్సింది చాలా బళ్లలో మార్చరు. 5 లీటర్ల పైచిలుకు పడుతుంది. లెవల్ చూసేది ఇంజన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. ఇంకా వేడెక్కాక చూస్తే ఆయిల్ వ్యాకోచించి ఎక్కువ కారిపోతుంది, లెవల్ తక్కువై కొత్త క్లచ్ కూడా పాడవుతుంది. తీసిన ఆయిల్ మాడిన వాసన వస్తే, ఫిల్టర్‌లో నల్లటి పొడి కనిపిస్తే ప్లేట్లు కాలినట్టే. ఆయిల్ బాగుంటే బేసిక్ సెట్టింగ్స్ (స్కానర్‌తో క్లచ్‌ల సర్దుబాటు) చేయించి మళ్లీ నడిపి చూడండి.

ప్లేట్లు కాలితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. స్టాక్ క్లచ్ ప్యాక్ (క్లచ్ ప్లేట్ల సెట్టు) వేసి, అదే స్టేజ్ 2 ఫైలుతో నడిపితే అది మళ్లీ కాలుతుంది. బిల్లు రెండుసార్లు కడతారు. రెండే దారులు: ఫైలులో టార్క్‌ని 350, 370 దగ్గర కట్టేయడం, లేదా ఎక్కువ టార్క్‌కి చేసిన ప్యాక్, దానికి తగ్గ గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ రెండూ వేయడం. బండి ఉంచుకునేవాళ్లకి మొదటిదే చెప్తాం. పైన పవర్ పెద్దగా తగ్గదు, కింద ఆర్‌పీఎంలో కొట్టే కుదుపు తగ్గుతుంది, క్లచ్ బతుకుతుంది.

ఇప్పుడు లెక్క. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, మార్కెట్ రేట్లు కావు. మీ ఊళ్లో రేట్లు పెట్టి చూసుకోండి. బాగున్న స్టాక్ బండికి 16 లక్షలు వస్తాయనుకుందాం. జబ్బు తెలియని స్టేజ్ 2 బండికి 11 లక్షలు అడుగుతున్నారు. పరీక్ష రిపోర్టులు చేతిలో ఉంటే అదే బండికి 13 ఇస్తామంటారు. వాటర్ పంపు, ప్లగ్‌లు, ఒక క్లచ్ ప్యాక్ కలిపి 2.2 లక్షలు. బాగుచేసి, స్టాక్‌కి తెచ్చి 16కి అమ్మితే 13.8 మిగులుతుంది. రిపోర్టులతో ఉన్నదున్నట్టు అమ్మితే 13. ఆ 80,000 కోసం నెలన్నర షెడ్డు చుట్టూ తిరగాలా? అమ్మాలనే అనుకుంటే తిరగక్కర్లేదు. విప్పాక ఇంకొకటి బయటపడుతుంది, అది ఈ పనిలో మామూలే. కాబట్టి రిపేరు బిల్లు కన్నా ధరలో తేడా కనీసం ఒకటిన్నర రెట్లు ఉంటేనే బాగుచేసి అమ్మండి. ఉంచుకునేవాళ్ల లెక్క వేరు: 2.2 లక్షలకి ఈ పవర్, ఈ డిక్కీ ఉన్న ఇంకో బండి దొరకదు. ఇంజన్ లీక్‌డౌన్ బాగుంటే నిస్సంకోచంగా బాగుచేయించండి. రింగులు, క్లచ్ రెండూ పోయి ఉంటే మాత్రం బయటపడడమే మంచిది.

అమ్మేటప్పుడు మాడిఫికేషన్లకి పెట్టిన డబ్బు వెనక్కి రాదు. ఈ కారు వచ్చింది తక్కువ, తర్వాత 2020లో వచ్చిన ఆర్‌ఎస్ 245 అయితే 200 బళ్లే. అందుకే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండికి వెతుక్కుంటూ వస్తారు. స్టాక్ డౌన్‌పైప్, స్ప్రింగులు, ఎయిర్‌బాక్స్ దాచి ఉంటే తిరిగి బిగించి, తీసిన పార్టులు విడిగా అమ్మండి. క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం జాతి లోహాలు ఉంటాయని చాలామంది స్క్రాపుకి ఇచ్చేస్తారు, తర్వాత కొత్తది కొనబోతే గుండె ఆగుతుంది. క్యాట్ లేకపోతే పొల్యూషన్ పరీక్షలో గట్టెక్కడం కష్టం. బీఎస్4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బీమా కంపెనీకి చెప్పని మార్పులుంటే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

స్టాక్ ఫైలు వేసేసి, రీమ్యాప్ ఎప్పుడూ లేదని చెప్పకండి. ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో, అంటే సాఫ్ట్‌వేర్ తిరగరాశారో, లెక్క ఉంటుంది, స్టాక్‌కి తెచ్చినా ఆ అంకె మామూలుగా అలాగే ఉంటుంది. తెలిసిన కొనుగోలుదారు ముందు అదే చదివిస్తాడు. లాగ్‌లు, బిల్లులు, లీక్‌డౌన్ కాగితం తీసి బల్ల మీద పెట్టండి. బేరం త్వరగా తెగుతుంది, అమ్మాక ఫోన్లు రావు.

కాగితాలు. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35. మీ రాష్ట్రంలోనే అయితే ఫారం 29, 30. 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి. వేరే రాష్ట్రం వాళ్లు (బెంగళూరు వాళ్లో, మీది విజయవాడ అయితే హైదరాబాద్ వాళ్లో) కొంటే ఫారం 28 ఎన్ఓసీ, అక్కడి జీవితకాల పన్ను ఎవరు కడతారో బేరంలోనే తేల్చుకోండి. నమోదైన డీలరుకి ఇస్తే ఫారం 29సీతో అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఇవేవీ లేకుండా తాళాలు ఇవ్వకండి. ఆర్సీలో పేరున్నవాళ్లే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 300 పీఎస్ బండి మీ పేరు మీద ఇంకొకరి చేతిలో తిరుగుతుంటే నిద్ర పట్టదు. మీ నో క్లెయిమ్ బోనస్ బండితో పోదు, బీమా కంపెనీ దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే 3 ఏళ్ల లోపు కొనే బండికి వాడుకోవచ్చు. ఫాస్టాగ్ మూసేయండి. కొనేవాళ్లు చివరి 50,000 పట్టి ఉంచుకుని, వాహన్‌లో (ప్రభుత్వ వాహన రిజిస్ట్రేషన్ సైటులో) నంబరు కొట్టినప్పుడు కొత్త యజమాని పేరు కనిపించాకే ఇచ్చే ఏర్పాటుకి ఒప్పుకోనక్కర్లేదు. మీరు డబ్బు పూర్తిగా తీసుకుని, పేరు మారేదాకా ఒరిజినల్ రెండో తాళం మీ దగ్గరే ఉంచుకుంటామని ఒప్పందంలో రాయించండి.